ఎవరినీ అడగక్కర్లేని చోటు

తుమ్మలగుంటపాలెం,
అక్టోబరు 12.

ప్రియమైన తోమా అన్నయ్యకు,

నీ చెల్లెలు ఫెబా వందనాలు.

మొన్న మీ షారోన్ ఫోను చేస్తే నీతో మాట్లాడతానన్నాను. "నాన్నకి ఫోనిస్తే హలో హలో అని అరిచి మళ్ళీ నాకే ఇచ్చేస్తాడత్తా, ఉత్తరం రాయి" అంది. ముప్ఫై ఏళ్ళు జిన్నింగు మిల్లు రొదలో అరిగిపోయిన చెవులకు ఇక నా మాటేం వినబడుతుందిలే. అవి బాగున్న రోజుల్లో మాత్రం నా మాట విన్నావా? అందుకే కాగితం పట్టాను. బడి నుంచి రిటైరయ్యాక నా దస్తూరీ చూసేవాళ్ళు లేక నాకూ బెంగగానే ఉంది.

ఒక పని నెత్తికెత్తుకున్నాను. నువ్వు నవ్వుతావని తెలిసే చెబుతున్నాను. బస్సు స్టేజి దగ్గర్నుంచి మన పల్లె దాకా ఉన్న రోడ్డు శుభ్రం చేయించాలనుకుంటున్నాను. నువ్వు షారోన్ దగ్గరికి వెళ్ళిపోయిన ఈ ఆరేళ్ళలో ఆ రోడ్డు ఎలా తయారైందో నీకు తెలియదు. అటూ ఇటూ పత్తి, మిరప కనబడాలి కదా. ముందు కనబడేది పురుగుమందు డబ్బాలు. మందు కొట్టేవాళ్ళు డబ్బా ఎక్కడ ఖాళీ అయితే అక్కడ విసిరేస్తారు. వాటికి తోడు మొక్కల మొదళ్ళకు పరిచి చింపేసిన మల్చింగు షీట్లు, నీళ్ళ పాకెట్లు, క్వార్టరు సీసాలు, బిర్యానీ పొట్లాలు.

ఆగస్టులో మన ప్రేమమ్మ కలుపుకు వెళ్ళి వస్తూ సీసా పెంకు తొక్కింది. ఎలీసమ్మ వదినతో కలిసి మిరపకోతలకు వెళ్ళేది, గుర్తుందిగా. షుగరు మనిషి, పుండు మానలేదు. గుంటూరు తీసుకెళితే రెండు వేళ్ళు తీసేశారు. ఇప్పుడు కర్ర పట్టుకుని గుడికి వస్తోంది. ఆ కాలు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎవరి మీద కోపమో తెలియని కోపం వచ్చింది. అలాంటి కోపం వచ్చినప్పుడు నేను చీపురు పడతానని నీకు తెలుసు.

స్త్రీల సమాజంలో చెబితే ఇరవై మంది వస్తామన్నారు. పాస్టరు ఇమ్మానుయేలు గారు ప్రార్థన చేస్తానన్నారు, చీపురు సంగతి మాత్రం ఎత్తలేదు. బడిలో నాతో పనిచేసిన రాధాకృష్ణమూర్తి మాస్టారు ఊళ్ళోంచి తానూ వస్తానన్నారు. ఆయనకి డెబ్భై దాటాయి. పల్లెవాళ్ళు ఊడుస్తుంటే ఊరివాళ్ళు చూస్తూ ఉండటం బాగుండదమ్మా అన్నారు.

వదిన సమాధి బాగానే ఉంది. వానలకు సున్నం కాస్త పోయింది. ఈస్టరుకు వేస్తాను.

నీ చెల్లెలు,
ఫెబా


వేటపాలెం,
అక్టోబరు 24.

చెల్లాయి ఫెబాకు,

దీవెనలు. నువ్వు చెప్పినట్టే నవ్వాను. ఏంటి నాన్నా అని షారోన్ అడిగితే, మీ అత్త రోడ్డు ఊడుస్తుందట అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. అత్తయినా ఏదో ఒకటి చేస్తోంది అంది. ఇంట్లో కూర్చుని తినేవాణ్ణి కాబట్టి ఆ మాట నాకే తగిలింది.

ఊడవడం సరే. ఊడ్చింది ఎక్కడ పెడతావు? అది ముందు చూసుకో. మిల్లులో దూది దుమ్ము నా చేత ఊడ్పించేవాళ్ళు. ఊడ్చిందంతా పక్క షెడ్డు ముందు పోసేవాళ్ళం. పక్క షెడ్డువాళ్ళు ఊడ్చి మా షెడ్డు ముందు పోసేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళూ అదే దుమ్ము ఊడ్చానని నా నమ్మకం.

ఇక్కడ షారోన్ జీడిపప్పు వలిచే పనికి వెళ్తోంది. జిగురుకి వేళ్ళు పొక్కుతున్నాయి. గ్లౌజులు ఇస్తారట గానీ వేసుకుంటే పప్పు విరిగిపోతుందట. గుండు పప్పుకు ఒక లెక్క, బద్దకు ఒక లెక్క అంటుంది. నేను ఇంట్లో అన్నం వండి పెడుతున్నాను. మాడుతోంది, తింటోంది.

ఎలీసమ్మ పక్కన నా కోసం నాలుగు రాళ్ళు పాతించి ఉంచిన చోటు ఉందిగా, అది ఎవరూ కలుపుకోకుండా చూస్తూ ఉండు. ఎక్కడ బతికినా చివరికి నీ పక్కకే వస్తానని దానికి మాట ఇచ్చాను. ఆ మాట ఇచ్చేటప్పటికి దానికి తెలివి ఉందో లేదో నాకు తెలియదు. నాకైతే ఉంది. నాకు ఈ వయసులో ఇక కావాల్సింది ఆ ఆరడుగులే.

తోమా


తుమ్మలగుంటపాలెం,
నవంబరు 10.

ప్రియమైన అన్నయ్యకు,

వందనాలు. మొన్న శనివారం అనుకున్న పని చేశాం. ఇరవై అన్నవాళ్ళు ఇరవై ఆరు మంది వచ్చారు. ఒళ్ళు నొప్పులతో మంచం మీద కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే తప్పు పట్టకు.

మిరపకాయలు తొక్కే పాత గోనె టిక్కీలు ఇంటికి రెండు చొప్పున తెచ్చుకున్నాం. చేతులకు పాలిథిన్ కవర్లు కట్టుకున్నాం. మాస్టారు ముక్కుకు కండువా చుట్టుకుని పురుగుమందు డబ్బాలు తానే ఏరారు, ఆడవాళ్ళు ముట్టుకోవద్దన్నారు. ఒకాయన బండి ఆపి కాసేపు మమ్మల్ని చూశాడు. మంచి పని చేస్తున్నారమ్మా అన్నాడు. నీళ్ళ పాకెట్టు పళ్ళతో కొరికి తాగి, ఖాళీది మా ముందే పడేసి వెళ్ళిపోయాడు. ఎగతాళి కాదన్నయ్యా. అతని చేతికి అలా అలవాటైపోయింది. ప్రేమమ్మ గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుని, అక్కడొకటి వదిలేశారు, ఇక్కడొకటి వదిలేశారు అని అందరి మీదా పెత్తనం చేసింది. ఆమె అంత నవ్వడం వేళ్ళు తీసేశాక అదే మొదలు.

మధ్యాహ్నానికి నలభై ఒక్క టిక్కీలు నిండాయి. సోమవారం ట్రాక్టరు పంపిస్తానని పంచాయతీ సెక్రటరీ రఘురామ్ మాటిచ్చాడు. చిన్న కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. ఆ రెండు రోజులూ టిక్కీలు ఎక్కడ పెట్టాలన్న చిక్కే వచ్చింది, సరిగ్గా నువ్వన్నట్టే. రోడ్డు పక్క రైతులు మా గట్ల మీద వద్దన్నారు, కాయ ఆరబోసే కళ్ళాలకు మందు వాసన పడుతుందన్నారు. బడి దగ్గర పిల్లలు. గుడి ముందు ఆదివారం ఆరాధన. అప్పుడు నాకు తట్టింది. "మన సమాధుల తోట ఉందిగా. ఎవరినీ అడగక్కర్లేని చోటు మనకి అదొక్కటే" అన్నాను. అందరి మొహాలూ తేలికపడ్డాయి. మనదంటూ ఒక చోటు ఉంది, ఎవరి గుమ్మం ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు అనుకుంటే నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. గేటు పక్క మూలన పేర్చి వచ్చాం.

రోడ్డు చూస్తే నీకు కళ్ళు చెదురుతాయి. తెల్లటి పత్తి రోడ్డు దాకా కనబడుతోంది.

నీ చెల్లెలు,
ఫెబా


వేటపాలెం,
నవంబరు 21.

ఫెబాకు,

సమాధుల తోటలో ఎందుకు పెట్టించావు? ఎవరినీ అడగక్కర్లేదన్నావు. అక్కడున్నవాళ్ళు కాదనలేరనా?

సోమవారం ట్రాక్టరు వచ్చిందా? వచ్చిందని ఒక్క ముక్క రాసి పడెయ్, కార్డయినా చాలు.

తోమా


తుమ్మలగుంటపాలెం,
జనవరి 28.

ప్రియమైన అన్నయ్యకు,

వందనాలు. నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యమైనందుకు కోప్పడకు. క్రిస్మసు పనులు, పిల్లల పాటల ప్రాక్టీసు, తర్వాత నాకు జ్వరం.

ట్రాక్టరు వచ్చింది అన్నయ్యా. ఆ సోమవారమే వచ్చింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తోంది.

నీకు చెప్పాల్సిన విశేషం ఒకటుంది. మొన్న జనవరి ఇరవై ఆరున మండలాఫీసులో నాకు శాలువా కప్పారు. మండలంలోకెల్లా శుభ్రమైన రోడ్డు మనదేనట. రఘురామ్ మైకులో నా పేరు మూడుసార్లు చెప్పాడు. టీచరు గారు రిటైరయ్యాక కూడా ఊరికి పాఠం చెబుతున్నారు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పేపర్లో జిల్లా పేజీలో ఫొటో పడింది, షారోన్‌కి చూపించమను. అందులో నా కళ్ళు మూసుకుని ఉన్నాయి.

ఇప్పుడు రోడ్డు మీద ఎవరూ ఏమీ పడేయడం లేదు. నిజంగానే.

వదిన గురించి దిగులు పెట్టుకోకు. నీ మోకాళ్ళతో ఈ ఏడు ఈస్టరుకు ప్రయాణం పెట్టుకోవద్దు. బస్సు మారి, మళ్ళీ ఆటో ఎక్కి, అంత శ్రమ ఎందుకు? సున్నం వేశాక నేనే ఫొటో తీసి షారోన్ ఫోనుకు పంపిస్తాను.

నీ చెల్లెలు,
ఫెబా


వేటపాలెం,
ఫిబ్రవరి 20.

ఫెబాకు,

పేపరు షారోన్ తెచ్చింది. ఫొటో చూశాను. శాలువా బాగుంది.

రోడ్డు శుభ్రంగా ఉంది, అందులో అబద్ధం లేదు.

ఇక్కడ గాలి మళ్ళింది. మధ్యాహ్నం పూట జీడిగింజలు కాల్చే పొగ మా వీధిలోకే వస్తోంది. అరచేతులు పొక్కి రాయడానికి వీలుగా లేదు. జీడి జిగురు తగిలిందేమోనని షారోన్ కొబ్బరినూనె రాసింది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

తోమా


తుమ్మలగుంటపాలెం,
మార్చి 8.

అన్నయ్యా,

నీ పోయిన ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో వదిన ఊసు గానీ తోట ఊసు గానీ లేదు. ఆమె పోయాక నువ్వు రాసిన ఏ ఉత్తరంలోనూ అలా లేదు. చేతులు పొక్కాయన్నావు, వలిచేది షారోన్ కదా నువ్వు కాదు కదా అనుకున్నాను. అయినా నా బుర్రకు అందలేదు.

నిన్న తోటలోకి వెళ్ళాను. వదిన సమాధి మీద మూడు టిక్కీలు పక్కకు లాగి ఉన్నాయి. నాలుగోది చిరిగి ఉంది. తలవైపు ఇటుకల మీద పాత బిల్లు కాగితంలో కట్టిన జీడిపప్పు పొట్లం ఉంది. బద్దలు కాదు, అన్నీ గుండ్లే. చీమలు పట్టాయి.

నువ్వు వచ్చావు. నా గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోయావు.

ఇక దాచి లాభం లేదు. ఆ సోమవారం ట్రాక్టరు వచ్చింది, అది నిజం. కానీ ఖాళీగా రాలేదు. ఊరి సెంటరులో చెత్త నింపుకుని వచ్చింది. ఎలాగూ ఇక్కడ సంచులు ఉన్నాయి కదా, అన్నీ ఒకచోట ఉంటే తర్వాత ఎత్తడం తేలికని డ్రైవరు అదీ అక్కడే దించేశాడు. నాలుగు రోజులే అన్నాడు రఘురామ్. గురువారం ఇంకో ట్రిప్పు వచ్చింది. క్రిస్మసు నాటికి కోళ్ళ కొట్టు వ్యర్థం కూడా అక్కడికే. మూల నిండి సమాధుల వరసల్లోకి వచ్చింది. నేను పంచాయతీకి ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. పైనుంచి స్థలం చూపించలేదు, నేనేం చేయను అంటాడు. కాస్త గట్టిగా అడిగితే, పాపం నెమ్మదిగానే అన్నాడు, "మొదట అక్కడ పెట్టించింది మీరే కదా టీచరు గారూ." లేచి వచ్చేశాను.

మన పల్లెవాళ్ళు కూడా అక్కడే వేస్తున్నారు. వద్దంటే, రోడ్డు మీద వేయొద్దన్నది నువ్వేగా అంటున్నారు. రోడ్డు అందుకే శుభ్రంగా ఉంది. ఇదంతా తెలిసే శాలువా కప్పించుకున్నాను. వద్దనలేకపోయాను అని రాయబోయాను గానీ అది కూడా అబద్ధమే. చప్పట్లు కొడుతుంటే నాకు బాగుంది. నలభై ఏళ్ళు బడిలో చాకిరీ చేస్తే ఎవరూ కొట్టలేదు.

ప్రేమమ్మ ఫిబ్రవరి పన్నెండున పోయింది. కాలు మళ్ళీ చీము పట్టింది. తోటకు తీసుకెళ్ళాం. పెట్టె కింద పెట్టడానికి చోటు లేక, మోసుకొచ్చినవాళ్ళు భుజాలు మార్చుకుంటూ అలాగే నిలబడ్డారు. ఎవరో చెత్తకు నిప్పు పెట్టినట్టున్నారు, ప్లాస్టిక్ పొగ. పాస్టరు గారు వాక్యం సగంలో దగ్గుతో ఆపేశారు. ఆ కాలు చూసే కదా నేను ఇదంతా మొదలుపెట్టింది.

నన్ను తిట్టు అన్నయ్యా. ఉత్తరం నిండా తిట్టు. జీడిపప్పు గురించి రాయకు, గాలి గురించి రాయకు.

ఫెబా


వేటపాలెం,
మార్చి 22.

ఫెబాకు,

తిట్టమన్నావు. అంత ఓపిక లేదు. జరిగింది రాస్తాను.

పేపర్లో నీ ఫొటో చూసి, చెప్పకుండా వచ్చి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. షారోన్ నాలుగు రోజులు పప్పు ఏరి పొట్లం కట్టింది. స్టేజి దగ్గర దిగి నడిచే వచ్చాను. దారిలో రెండుసార్లు ఆగి రోడ్డు చూశాను. ఇంత పని చేసిందా నా చెల్లెలు అనుకున్నాను. ముందు తోటలోకి వెళ్ళి ఆ సంగతి ఎలీసమ్మకి చెప్పి, తర్వాత నీ ఇంటికి వద్దామనుకున్నాను. మన ఫెబాకి శాలువా కప్పారే అని చెప్పాలని.

ఎలీసమ్మ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆరేళ్ళు కళ్ళు మూసుకుని కూడా చెప్పగలిగిన చోటు. టిక్కీలు లాగాలంటే రెండు చేతులూ కావాలి కదా, పొట్లం ఇటుకల మీద పెట్టాను. మూడు లాగాను. నాలుగోది చిరిగి అడుగున ఉన్న మందు చేతుల మీద కారింది. ఇక నా వల్ల కాలేదు. పొట్లం మాట మర్చిపోయాను. అది నీకోసం తెచ్చిందే.

తిడదామని నీ ఇంటి వైపు నడిచాను. నీ వాకిలి కనబడే దాకా వచ్చాను. లోపలికి వస్తే నువ్వు కాఫీ పెడతావు. తాగాలి. తాగాక తిట్టలేను. వెనక్కి తిరిగాను.

ఇక్కడి పాస్టరు గారితో మాట్లాడాను. ఇక్కడి గుడి వెనక ఇసుక నేల. శుభ్రంగానే ఉంది. నాకు అక్కడ చోటు ఇస్తామన్నారు. షారోన్ ఏడ్చింది. అమ్మ ఒక్కతే అయిపోతుంది నాన్నా అంది. అయిపోతుంది. నేనిచ్చిన మాట నేనే తప్పుతున్నాను. కానీ ఆ డబ్బాల కిందకి నన్ను మోసుకెళ్ళే పని నా కూతురికి పెట్టలేను.

కోపం నీ మీద కాదు. కాదని రాస్తున్నాను గానీ కొంచెం నీ మీదే. కొన్నాళ్ళు ఉత్తరం రాకపోతే ఏమీ అనుకోకు.

ఆ నాలుగు రాళ్ళూ పీకించెయ్. ఆ చోటు ఎవరికైనా ఇచ్చెయ్.

తోమా


తుమ్మలగుంటపాలెం,
ఏప్రిల్ 6.

అన్నయ్యకు,

ఈస్టరు నిన్న అయిపోయింది. నువ్వు జవాబు రాయవని తెలుసు. ఫొటో పంపిస్తానన్నాను గానీ తీయలేదు. తీస్తే చుట్టూ ఉన్నది కూడా పడుతుంది. అందుకే రాస్తున్నాను.

ఏటా ఈస్టరు ముందు శనివారం ఎవరి సమాధికి వాళ్ళం సున్నం వేసుకుంటాం కదా. ఈ ఏడూ అందరూ బకెట్లు, బ్రష్షులు తెచ్చారు. వేయడానికి సమాధి కనబడితే కదా. మొదట ఎవరు మొదలుపెట్టారో తెలియదు. తమ వాళ్ళ మీద ఉన్న సంచులు లాగి పక్క సమాధి మీద పెట్టారు. పక్కవాళ్ళు వచ్చి అరిచి, అవి తీసి ఆ పక్కదాని మీద పెట్టారు. మధ్యాహ్నానికి తోట అంతా అదే పని. నా దగ్గర అ ఆలు దిద్దుకున్నవాళ్ళు ఒకరి అమ్మ మీద నుంచి ఇంకొకరి నాన్న మీదకి సంచులు లాగుతూ కొట్టుకున్నారు. ప్రేమమ్మకు ఇక్కడ ఎవరూ లేరు. ఆమె మట్టి కుప్ప ఇప్పుడు కనబడటం లేదు. నీ మిల్లు దుమ్ము గుర్తొచ్చింది.

మాస్టారు చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకుని వచ్చారు. గేటు దగ్గరే నిలబడి, ఎక్కడికి తీసుకెళ్ళాలో చెప్పండమ్మా, మోస్తాను అన్నారు. ఎవరి దగ్గరా చోటు పేరు లేదు. గ్లౌజులు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

తెల్లవారుజాము ఆరాధన తోటలో పెట్టలేదు. నాకు తెలిసి ఇదే మొదటిసారి. వాసనకు ముసలివాళ్ళు నిలబడలేరని పాస్టరు గారు రోడ్డు మీద పెట్టారు. రోడ్డు శుభ్రంగా ఉంది కదా అన్నారు. కొవ్వొత్తులు రోడ్డు అంచున వరసగా వెలిగించాం. ఆయన లేచియున్నాడు అని పాస్టరు గారు చెప్పగానే అందరం అవునన్నాం. నేనూ అన్నాను. అంటూ వెనక్కి తిరిగి తోట వైపు చూశాను. పొగ లేస్తోంది.

అందరూ వెళ్ళాక నేనొక్కదాన్నే తోటలోకి వెళ్ళాను. శాలువా చింపి చేతులకు చుట్టుకున్నాను, గుడ్డ మందమైనదే, మందు లోపలికి దిగలేదు. వదిన మీద నువ్వు తీయగా మిగిలినవి, పక్కవాళ్ళు పెట్టినవి కలిపి పదకొండు ఉన్నాయి. ఒక్కొక్కటే దించాను. అటు పక్కన నా దగ్గర చదువుకున్న మార్క్ వాళ్ళ నాయనమ్మ, తలవైపు మన అమ్మ. ఎవరి మీదా పెట్టడానికి చేతులు రాలేదు. తోట మొత్తం మీద ఎవరూ లేని చోటు ఒక్కటే మిగిలి ఉంది.

వదినకు రెండు పూతలు సున్నం వేశాను. ఆ పదకొండూ నీ నాలుగు రాళ్ళ మధ్య పెట్టాను. సరిగ్గా సరిపోయాయి. రాళ్ళు పీకలేదు.

నీ చెల్లెలు,
ఫెబా